కాలేజీ చదువునకు ల్యాప్‌టాపు కావలయునా?



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన సంగతి చూచుటకు చిన్నది; కాని దాని మూలమున ఇంటింట కలుగుచున్న చిక్కు చిన్నది కాదు. మన పల్లెనుండి కొడుకో కూతురో కళాశాలలో చేరునప్పుడు ల్యాప్‌టాపు కొనిపెట్టవలెనా, అక్కరలేదా? పుస్తకమువలె మూసి తెరచుచు, ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన ఆ కంప్యూటరును మీరందరు చూచియే యుందురు. దానిని గూర్చి అంగడివాడొక మాట చెప్పును. పిల్లవాడొక మాట చెప్పును. ఎదురింటివారొక మాట చెప్పుదురు. డబ్బు తీయవలసినవాడు మాత్రము ఇంటిపెద్ద. ఆ పెద్దకు తోడుగా నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిని.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. మాది చిలకలూరిపేట ప్రాంతపు నల్లరేగడి గ్రామము. నాకును మూడెకరముల చేను కలదు. ఒకయేడు ప్రత్తి, ఒకయేడు మిరప. కావున నా మాటలలో సగము పంతులు బుద్ధియు, సగము రైతు బుద్ధియు నుండును.

గడచిన శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము మా పొరుగు రైతొకడు నా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. అతడు చిన్నతనమున నాయొద్ద చదువుకొన్నవాడే. అతని కూతురికి ఇంజనీరింగులో కంప్యూటరు శాఖయందు సీటు వచ్చినది. కళాశాలవారిచ్చిన కాగితమొకటి చేత పట్టుకొని వచ్చెను. అందులో పిల్ల తెచ్చుకొనవలసిన వస్తువుల పట్టిక కలదు. దుప్పటి, పళ్లెము, బకెట్టు, నోటుపుస్తకములు. అన్నిటికిని చివర ల్యాప్‌టాపు.

"మాస్టారూ, ఇది లేకపోతే అమ్మాయిని క్లాసులో కూర్చోనీయరా? పెద్దవాడికి కొనిపెట్టి చేతులు కాల్చుకున్నాను. ఇప్పుడు ఆడపిల్లకు కూడా కొనమంటారా?" అని అడిగెను.

ఆ మాట నాకు ములుకువలె తగిలినది. ఏలయన, మూడేండ్ల క్రిందట అతని కుమారునికి కొనుమని చెప్పినవాడను నేనే. పిల్లవాడు బి.కాం. చదువులో చేరబోవుచుండెను. "ఈ కాలములో కంప్యూటరు లేని చదువు చదువేనా? కొనిపెట్టవోయీ" అని పెద్దరికముగా అంటిని. ఆ చదువులో మొదటియేడు ఏమి చెప్పుదురు, ఆ యంత్రముతో పిల్లవాడు చేయవలసిన పని యేమి అని నేనడుగలేదు. తండ్రి మిరప కమిషను వ్యాపారి యొద్ద చేబదులు తెచ్చి ఏబది రెండు వేలు పోసి కొనెను. మొదటియేడు పిల్లవాని పాఠములన్నియు పుస్తకమునుండియు, బల్లమీది వ్రాతనుండియు జరిగినవి. యంత్రము సినిమాలకును, క్రికెట్టుకును పనికివచ్చెను. రెండవయేడు దాని తెర పగిలినది. మూడవయేట నివేదిక వ్రాయవలసివచ్చి నిజముగా అక్కర కలిగిన నాటికి అది మూల పడియున్నది. బాగుచేయుటకు క్రొత్తదాని వెలలో సగమడిగిరి. పిల్లవాడు స్నేహితుని యంత్రమును బ్రతిమాలి తెచ్చుకొని పని గడుపుకొనెను.

ఇందు పిల్లవాని తప్పు కొంత, నా తప్పు అధికము. కావున ఈమారు తొందరపడి సలహా చెప్పరాదని నిశ్చయించుకొని, "నాలుగు దినములు గడువిమ్ము, కనుగొని చెప్పెదను" అంటిని. నేను కనుగొన్న సంగతులే మీకిప్పుడు మనవి చేయుచున్నాను.

మొదట వెల సంగతి చూతము. సామాన్యమైన క్రొత్త ల్యాప్‌టాపు సుమారు నలుబది వేల రూపాయలని లెక్క వేసికొందము. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రప్రభుత్వము మన రాష్ట్రపు మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించినది. ఆ లెక్కను నలుబది వేలనగా మూడు క్వింటాళ్ల నలుబది కిలోల ఎండుమిరప. గుంటూరు యార్డు భాషలో చెప్పవలెనన్న ఎనిమిది టిక్కీలు. ఇక చేను లేని కూలివాని సంగతి. 2024-25లో ఉపాధిహామీ పనికి మన రాష్ట్రమున నిర్ణయించిన దినకూలి 300 రూపాయలు. అప్పుడు ఒక కుటుంబమునకు ఏటికి నూరు దినములు హామీ. అనగా ఏడాది హామీ అంతయు పోసినను ముప్పది వేలే. యంత్రమునకు ఇంకను పదివేలు తక్కువ. ఇంతటి ధనమును ఎదురింటివారు కొనిరని కొనరాదు. కేవలము భయపడి మానరాదు.

మా తండ్రిగారి కాలమున కళాశాలకు పోవు పిల్లవానికి ఒక రేకుపెట్టె, ఒక లాంతరు, రెండు పంచెలు ఇచ్చి పంపెడివారు. గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో వెలసిన నాటినుండి ఎన్ని తరముల పిల్లలు మన పల్లెలనుండి అట్లు పోయిరో! లాంతరు అవసరమా అని నాడెవ్వరు అడుగలేదు. రాత్రి చదువవలెను, దీపము లేదు, కావున లాంతరు కావలెను. పని కంటికి కనబడుచుండెను, పనినిబట్టి వస్తువు. ల్యాప్‌టాపు విషయమున మనకు వచ్చిన చిక్కేమనగా, వస్తువు కనబడుచున్నది గాని పని కనబడుటలేదు. ఆ పనిని కనుగొనుటయే పెద్దల కర్తవ్యము.

ఇప్పుడు తరగతిలోనికి పోదము. పంతులు పాఠము చెప్పుచుండగా ల్యాప్‌టాపు తెరచి కూర్చుండుట వలన లాభమున్నదా? ఈ ప్రశ్నను విదేశములలో పరీక్షించి చూచిరి. అమెరికాలో వెస్టుపాయింటు అను సైనిక విద్యాలయమున ఒకే పాఠమును కొన్ని తరగతులకు యంత్రము లనుమతించియు, కొన్నిటికి నిషేధించియు చెప్పిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, అనుమతించిన తరగతులలోని విద్యార్థులకు పరీక్షలో మార్కులు తగ్గినవి. కెనడా దేశమున 2013లో ప్రకటించిన మరియొక పరిశోధనలో ఇంకొక వింత తేలినది. పాఠము వేళ యంత్రములో వేరుపనులు చూచుకొనువారికే కాక, వారి తెర కంటబడునట్లు వెనుక కూర్చున్నవారికిని మార్కులు తగ్గినవి. పొరుగు చేని తెగులు మన చేనికి ప్రాకినట్లన్నమాట.

కలముతో వ్రాసికొన్నవారు మేలా, మీటలు నొక్కి వ్రాసికొన్నవారు మేలా అనియు చూచిరి. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అను ఇద్దరు పరిశోధకులు కలమే మేలని చెప్పిరి. మీటలు నొక్కువాడు విన్నది విన్నట్లు దించుకొనును; కలము పట్టినవానికి అంత వేగము లేదు గనుక, విన్నదానిని మనసులో కుదించి తన మాటలలో వ్రాసికొనును; ఆ కుదించుటయే చదువు అని వారి భావము. 2019లో ఇతరులు మరల పరీక్షింపగా అంత స్పష్టమైన భేదము కనబడలేదు. కావున కలమును గూర్చి గొప్పలు చెప్పను. ఒక్కటి మాత్రము నిశ్చయము: తరగతిలో వినుటకు ల్యాప్‌టాపు లేకున్న కొదువ లేదు. మన విశ్వవిద్యాలయ కళాశాలలలో పరీక్షలు నేటికిని పెక్కింటికి కాగితముపై కలముతోనే వ్రాయవలెను. 2017 నుండి ఇంజనీరింగు ప్రవేశపరీక్ష కంప్యూటరుపై జరుగుచున్నను, లోపలికి పోయిన పిదప చేతివ్రాతయే మార్కులు తెచ్చును.

ఇది విని, "అట్లయిన కొననక్కరలేదు గదా" యని మీరనవచ్చును. తొందరపడకుడు. సగమే చెప్పితిని. ల్యాప్‌టాపు తరగతిలో వినుటకు కాదు. తరగతి వెలుపల చేయుటకు. ఈ భేదమును గ్రహించినచో సగము చిక్కు విడిపోవును.

2020 మార్చిలో కరోనా వచ్చి కళాశాలలు మూతపడినప్పుడు పాఠములు ఫోనులలోనికి వచ్చినవి. మా యూరి పిల్లలు సిగ్నలు కొరకు మేడలెక్కిరి, చెరువుగట్టున కూర్చుండిరి. ఫోనుతో పాఠము వినగలిగిరి. కాని పదిపుటల నివేదిక వ్రాయుమన్నప్పుడు, లెక్కలపట్టిక కట్టుమన్నప్పుడు, కంప్యూటరు భాషలో ప్రోగ్రాము వ్రాయుమన్నప్పుడు వేలెడు తెరమీద పని సాగలేదు. అరకొడవలితో కంకి కోయవచ్చును గాని దుక్కి దున్నలేము. ఫోను చూచుటకు, వినుటకు. ల్యాప్‌టాపు వ్రాయుటకు, కట్టుటకు. అంతకు రెండేండ్ల ముందు, 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో దేశమందలి పల్లె కుటుంబములలో కంప్యూటరు కలవి నూటికి 4.4 మాత్రమే, పట్టణములలో నూటికి 23.4. అట్టి స్థితిలో ఆ కష్టకాలము మన పిల్లలమీద పడినది. అప్పుడు వెనుకబడినవారు బుద్ధి తక్కువై వెనుకబడలేదు. పనిముట్టు లేక వెనుకబడిరి.

కావున ఏ చదువులో, ఏ యేట, ఏ పని వచ్చునో చూడవలెను. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదువులలో మొదటి రెండేండ్లు సాధారణముగా పుస్తకము, నోటు, ఒక ఫోను చాలును. కంప్యూటరు పాఠ్యాంశమైనచోట కళాశాలలోని ప్రయోగశాల యుండును. 2020లో మన రాష్ట్రపు డిగ్రీ చదువులలో పదిమాసముల ఉద్యోగశిక్షణ చేర్చబడినది. అట్టి శిక్షణ, దాని నివేదిక వచ్చు నాటికి యంత్రము కావలసియుండును. కొనుటయే అక్కరలేదు, ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకొన్నను సాగును. బాపట్లలో 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల వంటి చోట్ల చదువులో పొలము, మొక్క, చేతివ్రాత రికార్డు ముఖ్యములు. నివేదికలు పిదప వచ్చును. వైద్యవిద్యలో మొదటి యేండ్లు పుస్తకము, శరీరశాస్త్ర ప్రయోగశాల, పిదప ఆస్పత్రి. సివిలు, మెకానికలు ఇంజనీరింగులలో యంత్రముపై చిత్రలేఖనము, లెక్కలు సాగినకొలది అక్కర పెరుగును. కంప్యూటరు శాఖలో మాత్రము అక్కర ముందుగానే వచ్చును. అది వారికి నాగలి వంటిది. ఎం.ఏ., ఎమ్మెస్సీ దాటి పరిశోధన చేయువానికి ల్యాప్‌టాపు లేనిదే దినము గడవదు.

ఇక్కడ మన నేలమీద జరిగిన ఒక సంగతి జ్ఞాపకము చేయుదును. 1980 తరువాతి యేండ్లలో ప్రత్తి చేలమీద తెల్లదోమ విరుచుకుపడిన దినములు మీలో పెక్కుమందికి గుర్తుండును. పురుగున్నదో లేదో చూడకయే, మందులంగడివాడు చెప్పెనని, పక్కచేనివాడు కొట్టెనని లెక్కకు మించి మందులు కొట్టితిమి. మేలుచేయు పురుగులు చచ్చినవి. కీడుచేయు పురుగులు మందునకు అలవాటుపడినవి. 1987లో మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో కొందరు ప్రత్తి రైతులు అప్పుల బాధకు ప్రాణములు తీసికొనిరి. గుంటూరు చెంత 1922 నుండి ఉన్న లాం పరిశోధన క్షేత్రములోని శాస్త్రజ్ఞులు మనకు చెప్పిన పాఠమేమి? ముందు చేను నడువుడు. మొక్క తిప్పి ఆకు అడుగు చూడుడు. పురుగును లెక్కించుడు. లెక్క దాటిననే మందు కొట్టుడు. దాటిన పిదప ఒక్కదినమైనను ఆలసింపకుడు. ఈ పాఠమునకు రెండు అంచులున్నవి. అక్కర లేనప్పుడు కొట్టుట నష్టము. అక్కర వచ్చినప్పుడు కొట్టకుండుటయు నష్టమే. నేను పొరుగువాని కొడుకు విషయమున మొదటి తప్పు చేయించితిని. అతని కూతురి విషయమున రెండవ తప్పు జరుగకుండ చూడవలసియుండెను.

కావున చేను నడిచి చూచినట్లే కళాశాలకు పోయి చూతమని ముగ్గురము, అనగా ఆ రైతు, ఆ పిల్ల, నేను, ఒకనాటి ఉదయము బస్సెక్కితిమి. అక్కడి అధ్యాపకులొకరు మర్యాదగా కూర్చుండబెట్టి మాటాడిరి. నేను మూడు ప్రశ్నలు అడిగితిని. ఒకటి: ల్యాప్‌టాపు లేనిచో తరగతిలోనికి రానీయరా? "అట్టిదేమియు లేదు" అనిరి. రెండు: ఇంటియొద్దగాని, హాస్టలులోగాని కంప్యూటరుపై చేయవలసిన పని ఎప్పటినుండి వచ్చును? "మొదటి ఆరుమాసములు సీ భాష చెప్పుదుము. వారమునకు రెండు మార్లు ప్రయోగశాల యుండును. అది చాలక దినదినము అభ్యాసము చేయవలెను. రెండవ ఆరుమాసములలో ఈ పని హెచ్చును" అనిరి. మూడు: ప్రయోగశాల సాయంకాలము తెరచియుండునా? "రాత్రి ఎనిమిది గంటల వరకు తెరచియుండును" అనిరి.

రైతు ముఖము వికసించెను. "ఇంకేం మాస్టారూ, లాబు ఉన్నదిగా!" అనెను. నేనును తల యూపితిని. అప్పటి వరకు మాటాడక నిలిచియున్న ఆ పిల్ల మెల్లగా అనెను: "తాతయ్యా, మా ఆడపిల్లల హాస్టలు గేటు ఆరింటికే వేస్తారంట."

ఇది నేను అడుగవలసిన నాలుగవ ప్రశ్న, నాకు తోచలేదు. తరగతి అయిదింటికి ముగియును. మగపిల్లలకు మూడు గంటలు ప్రయోగశాల. ఆడపిల్లలకు నడక పోగా అరగంట. కాగితముమీద సదుపాయము ఇద్దరికిని ఒక్కటే. అనుభవమున ఒక్కటి కాదు. "ఆడపిల్లకు కూడా కొనమంటారా" యని తండ్రి అడిగినాడు గదా. నిజమునకు ఆ యింటిలో ల్యాప్‌టాపు అక్కర కొడుకునకంటె కూతురికే ఎక్కువగా నుండెను. కాని ముందు కొడుకునకు వచ్చెను. మన యిండ్లలో ఇట్టివి ఎన్ని జరుగుచున్నవో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను. కొడుకు చేసిన దుబారాకు కూతురు దండుగ కట్టరాదు.

ఐనను ఆనాడే కొనుమని నేను చెప్పలేదు. శ్రావణ భాద్రపదములు రైతు చేతిలో పైసలాడని దినములు. చేను మందు, ఎరువు మింగుచుండును. మరల వ్యాపారి యొద్ద అప్పు చేసిన మొదటి కథయే అగును. "దసరా వరకు లాబుతో నెట్టుకొని రాగలవా తల్లీ?" యని అడిగితిని. "వస్తాను తాతయ్యా" అనెను.

దసరాకు ఆ పిల్ల యింటికి వచ్చినప్పుడు ఒక పెద్ద నోటుపుస్తకము తెచ్చి తండ్రి ముందు పెట్టెను. రాత్రులు హాస్టలులో ప్రోగ్రాములను కలముతో కాగితముపై వ్రాసికొని, మరునాడు ప్రయోగశాలలో ఆ అరగంటలో ఎక్కించి సరిచూచుకొనునట. తప్పు వచ్చినచో దిద్దుటకు మరల మరునాటి వరకు ఆగవలెను. ప్రతి పుట అంచున ఎఱ్ఱసిరాతో అట్లాగిన దినములు లెక్క వ్రాసియుండెను. తండ్రికి అందులోని ఇంగ్లీషు చదువరాదు. పుటలు మాత్రము ఒక్కొక్కటిగా త్రిప్పెను. "ఇన్ని రోజులా?" అని మాత్రమనెను. దీపావళి తరువాత మొదటి తీత ప్రత్తి అమ్మిన సొమ్ముతో గుంటూరు పోయి కొనెను. మిరపకోత వరకు ఆగలేదు. ఆదను చూచి కొట్టిన మందు అది.

ఇక కొనదలచినవారికి కొన్ని సూచనలు. ముందు ఆ శాఖ అధ్యాపకుని అడిగి, ఎంత శక్తి గల యంత్రము కావలెనో కాగితముపై వ్రాయించుకొనుడు. ప్రోగ్రాములు వ్రాయుటకు, నివేదికలు వ్రాయుటకు సామాన్యమైన యంత్రము చాలును. జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, ఎనిమిది జీబీకి తగ్గరాదు, పిదప పదునారునకు పెంచుకొను వీలున్నచో మేలు. ఆటల కొరకు చేసిన బరువైన యంత్రములు వెల హెచ్చు. సాధారణ చదువునకు అక్కరలేదు. చిత్రలేఖనపు పని గల శాఖలకు మాత్రము కొంత బలమైనది కావలెను. గుంటూరులోగాని ఒంగోలులోగాని మరమ్మతుశాల గల కంపెనీది కొనుడు. వ్రాతపనికి లిబ్రె ఆఫీసు వంటివి ఉచితముగా దొరకును. వాటికి డబ్బు పోయనక్కరలేదు. పాతది కొనదలచినచో, తెలిసినవానిచేత బ్యాటరీ, తెర చూపించికొనుడు.

అప్పు చేయక తప్పనివారు వ్యాపారి వడ్డీకి పోకముందు బ్యాంకును అడుగుడు. బ్యాంకుల సంఘము ఏర్పరచిన విద్యారుణ పథకమున, చదువు ముగించుటకు అవసరమైనచో కంప్యూటరు వెలను కూడ రుణములో చేర్చవచ్చునని యున్నది. విద్యారుణము తీసికొనువారు ఈ మాటను మొదటనే అడుగవలెను. రుణము మంజూరైన పిదప అడుగుట కష్టము.

ప్రభుత్వము ఇచ్చునుగదా యని కొందరందురు. తమిళనాడు ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ల్యాప్‌టాపులు పంచుట మొదలుపెట్టినది. మన రాష్ట్రమున 2022 డిసెంబరు 21న, ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిదై నేడు బాపట్ల జిల్లాలో నున్న యడ్లపల్లి గ్రామమున, ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును ట్యాబులు పంచు కార్యక్రమము ప్రారంభమైనది. రాష్ట్రమంతట ఐదు లక్షలకు పైగా పంచిరి. ప్రభుత్వము ఇచ్చినప్పుడు పుచ్చుకొందము. కాని ప్రభుత్వము తరగతిని చూచి ఇచ్చును. ఏ పిల్లకు ఏ దినమున అక్కర కలుగునో చూడవలసినవారు ఇంటివారు, ఊరివారు.

ఊరివారు అంటిని గనుక చివరకు ఒక్క మనవి. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనమను గ్రంథాలయము వెలసినది. ఆనాడు ప్రతి యింటివారు అన్ని పుస్తకములు కొనగలరా? కొనలేరు. కావున ఊరు కలిసి కొనెను; ఇల్లిల్లు చదివెను. పంచాయతీ ఆఫీసు ముందర ఒక్క రేడియో పెట్టి ఊరంతయు విన్న దినములు మీకు తెలియనివా? అట్లే ఊరి గ్రంథాలయములోనో, బడిలోనో రెండు మంచి ల్యాప్‌టాపులు, ఒక అచ్చుయంత్రము, ఒక ఇంటర్నెట్టు తీగ ఉమ్మడిగా పెట్టినచో, సెలవులకు వచ్చిన పిల్లలు నివేదికలు వ్రాసికొందురు, దరఖాస్తులు పెట్టుకొందురు, కొనలేని కూలివాని బిడ్డ తలవంచుకొని ఇంకొకరిని బ్రతిమాలవలసిన అగత్యము తప్పును. తాళము ఒక బాధ్యత గల పెద్ద యొద్ద, లెక్క ఒక నోటుపుస్తకములో నుండవలెను. ఆడపిల్లలు వచ్చుటకు వీలైన వేళలు ముందుగా నిర్ణయింపవలెను. శ్రీరామనవమి పందిరికి చందా వేయు ఊరికి ఇది పెద్ద బరువు కాదు.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. చెప్పినదంతయు కుదించి చెప్పెదను. తరగతిలో కూర్చుండుటకు ల్యాప్‌టాపు అక్కరలేదు. అది లేదని ఏ బిడ్డయు చదువు మానరాదు. తరగతి వెలుపలి పనికి కొన్ని చదువులలో అది తప్పదు. ఆ పని యెప్పుడు వచ్చునో కళాశాలకు పోయి అడుగుడు. అక్కరకు ముందు కొనకుడు. అక్కర వచ్చినప్పుడు ఆలసింపకుడు. ప్రయోగశాల ఉన్నదని చెప్పినప్పుడు, అది మన బిడ్డకు ఎన్ని గంటలు తెరచియుండునని అడుగుడు. కొడుకును అడిగినట్లే కూతురిని అడుగుడు. ఆనాడు నేను అడుగక చెప్పితిని. అందువలన ఒక రైతుకు ఏబది రెండు వేలు నష్టము కలిగెను. మీరు అడిగి చెప్పుడు.

సెలవు.